నీళ్ళు తీసుకోని రాయి

మావయ్య పోయారు. ఆ మాట చెప్పడానికి తెనాలి నుంచి కాలేజీకి ఫోన్ వచ్చేసరికి నేను బాపట్లలో, మా కెమిస్ట్రీ ల్యాబులో పిల్లలతో ఉన్నాను. ఆఫీసు గదిలోకి వెళ్ళి రిసీవరు అందుకుంటే అవతల అత్తయ్య. గొంతులో ఏడుపు లేదు. "మీ మావయ్యకి ఇంక బాధ లేదే అమ్మాయ్. నిదానంగా బయల్దేరి రా" అంది. ఆ ఏడాదిలో ఎప్పుడు ఫోన్ చేసినా తొందరగా రమ్మనేది. నిదానంగా రమ్మనడంలోనే నాకు అంతా తెలిసిపోయింది.

పక్షవాతం వచ్చి ఏడాదిగా మంచంలోనే ఉన్నారు కాబట్టి అది అనుకోని వార్త కాదు. అయినా రైల్లో కూర్చున్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెనాలి చేరేవరకూ ఒళ్ళో బ్యాగు పెట్టుకుని దాని జిప్పు లాగుతూ మూస్తూ ఉన్నాను.

చర్చిలో ప్రార్థన అయ్యాక పెద్దవాళ్ళు లేచి నాలుగు మాటలు చెప్పారు. ఆయన నెమ్మదస్తుడని, ఎవరినీ నొప్పించలేదని, మనసులో ఏ కొరతా లేకుండా ప్రభువు సన్నిధికి వెళ్ళారని. మొదటి రెండూ నిజమే. ఆఖరి మాటకి మాత్రం నాకు ఒళ్ళు మండింది. కొరత ఉంది. అది ఆయనకి తెలుసు, నాకు తెలుసు, మూడో మనిషికి తెలియదు. శవం ముందు నిలబడి చెప్పే సంగతి కాదు కనుక ఇక్కడ మీకు చెబుతున్నాను. ఇందులో ఒక రైతు వస్తాడు. ఆయన పేరు మార్చాను, ఊరు పేరు చెప్పను. ఎందుకో చదివాక మీకే అర్థమవుతుంది.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. చమురు తీసే సంస్థలో ఇంజనీరు. నేల అడుగున రాతిలో నూనె ఎంత ఉంది, అందులో ఎంత పైకి రాబట్టగలం అని చూడడం ఆయన పని. ఈ మాట చెబితే చుట్టాల్లో సగం మంది ఆయన పెట్రోలు బంకులో పనిచేస్తారనుకునేవారు. ఆయనా సరిచేసేవారు కాదు. "పోనీలే అమ్మాయ్, బంకంటే కనీసం అర్థమవుతోంది వాళ్ళకి" అనేవారు.

ఆయనకో అలవాటు ఉండేది. రాయి కనబడితే నాలుకకి ఆనించి చూసేవారు. నేల లోపలి నుంచి కోసి తెచ్చిన రాతి ముక్కలు ఎప్పుడూ ఒకటో రెండో జేబులో ఉండేవి. అన్నం తినే బల్ల మీద కంచం పక్కన పెట్టి, పప్పు కలుపుకోబోతూ మధ్యలో ఒక ముక్క తీసి నాకేవారు. నాలుకకి అతుక్కుంటే అందులో బంకమట్టి ఉన్నట్టు. అతుక్కోకపోతే మంచి ఇసుకరాయి. అత్తయ్యది కాకుమాను వైపు, వ్యవసాయం చేసుకునే కుటుంబం. "మా వైపు కంచంలో అన్నం తింటారండి. రాళ్ళుంటే ఏరి పారేస్తారు" అనేది. మావయ్య ఆ ముక్కని ఆవిడ కంచం దగ్గరికి జరిపి, "ఒకసారి రుచి చూడవోయ్, ఉప్పు సరిపోయిందో లేదో" అనేవారు. ఆవిడ గరిటె ఎత్తేది. పెళ్ళైన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఆడుకున్న ఆట అదొక్కటే అనుకుంటాను.

రాతిలో నూనె ఉంటుందంటే నేను చాలాకాలం, కింద ఎక్కడో చెరువు లాగా నిలిచి ఉంటుందనుకున్నాను. కెమిస్ట్రీ చదివి కూడా. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరం సూర్యలంక వెళ్ళాం. పులిహోర తిని చెయ్యి కడుక్కుంటూ, చెంబులో మిగిలిన నీళ్ళు ఆయన ఇసుకలో పోశారు. క్షణంలో మాయమైపోయాయి. "చూశావా, తాగేసింది. నూనె ఉన్న రాయి కూడా ఇంతే. గింజకీ గింజకీ మధ్య సందుల్లో ఉంటుంది. సందులు పెద్దవైతే దానంతటదే పైకొస్తుంది, ఎవడైనా తీస్తాడు" అన్నారు. తర్వాత చెప్పుకి అంటుకున్న నల్లమట్టి పెళ్ళ ఒకటి ఊడదీసి, దాని మీద నాలుగు చుక్కలు చల్లారు. చుక్కలు మెరుస్తూ అలాగే ఉండిపోయాయి. "నా పాలిట పడ్డ రాయి ఇలాంటిదమ్మాయ్. నూనె ఉంది. కదలదు. దాన్ని వెనక నుంచి మెల్లిగా నెట్టాలి. నీళ్ళు పంపి నెట్టాలి. కొట్టకూడదు, తొందర పెట్టకూడదు."

ఆ నెట్టడం గురించే ఆయన జీవితమంతా మాట్లాడారు. నేనేమో రెండో గ్లాసు మజ్జిగ కోసం చూస్తున్నాను.

ఎనభైల చివర్లో రేపల్లె అవతల ఒక ఊరి చేలల్లో బావి వేశారు. మా వైపు చమురు బావిని కూడా బావి అనే అంటారు, మంచినీళ్ళ బావిని అన్నట్టే. నూనె పడింది. ఊరంతా తరలివచ్చి చూశారట. మావయ్య ఇంటికి వచ్చి, స్నానం కూడా చెయ్యకుండా, జేబురుమాలుకి అంటిన నూనె మరక అందరికీ వాసన చూపించారు. తర్వాత కొన్ని నెలలకే ధార సన్నబడింది. అయిపోయిందన్నారు పై ఆఫీసర్లు. మావయ్య ఒక్కరే, "అయిపోలేదు, ఆగిపోయింది" అన్నారు. రాయి బిగువైనది, లోపలి ఒత్తిడి తగ్గింది, నూనె ఎక్కడిదక్కడ ఉంది. కాస్త దూరంలో ఇంకో బావి ఉంది, దాంట్లోంచి నీళ్ళు పంపితే ఆ నీళ్ళు నూనెని ఇటు తోస్తాయి. ఇది ఆయన వాదన.

పైవాళ్ళ వాదన ఒకటే. ఇంత బిగుసుకున్న రాయి నీళ్ళు తీసుకోదు. ప్రతి మీటింగులోనూ ఆయన అడగడం, వాళ్ళు కాదనడం. ఇంటికొచ్చి సాక్సులు విప్పుకుంటూ, "ఇవాళ కూడా రాయి నీళ్ళు తీసుకోదుట" అనేవారు. ఇంట్లో అదొక వాడుకైపోయింది. అత్తయ్య ఎవరినైనా భోజనానికి ఉండమంటే వాళ్ళు మొహమాటపడితే, "ఈయన రాయిలే, నీళ్ళు కూడా తీసుకోడు" అనేది. ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా, తొంభైల మొదట్లో చివరికి ఒప్పుకున్నారు. ఒక్క ప్రయత్నం. ఫలిస్తే ఈ చుట్టుపక్కల అలాంటి రాతి బావులన్నిటికీ నీళ్ళు పెడతారు. ఫలించకపోతే ఆ మాట ఇంకెవరూ ఎత్తకూడదు.

ఏ నీళ్ళు పంపాలన్న దగ్గర నేను వచ్చాను. మావయ్య ఆ రాతి ముక్క ఒకటి బాపట్ల తెచ్చి, "నాకితే అతుక్కుంటోంది. నీ శాస్త్రం ఏమంటుందో చూడు" అన్నారు. పొడి చేసి రెండు గ్లాసుల్లో వేశాను. ఒకదాంట్లో మామూలు నీళ్ళు, రెండోదాంట్లో ఉప్పునీళ్ళు. మామూలు నీళ్ళలో పొడి ఉబ్బి, చెదిరి, మర్నాటికి కూడా తేరుకోకుండా గంజిలా ఉండిపోయింది. ఉప్పునీళ్ళలో బుద్ధిగా అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. మావయ్య రెండు గ్లాసులూ వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. మంచినీళ్ళు పంపితే లోపలి బంకమట్టి ఉబ్బి, ఉన్న సందులు కూడా మూసుకుపోతాయి. ఉప్పునీళ్ళైతే అది కదలదు. ఇందులో అనుమానం లేదు.

"అయితే ఉప్పుటేటి నీళ్ళే" అన్నారు. ఆ ఊరికి దిగువన ఉప్పుటేరు ఉంది. శుభ్రంగా వడగట్టి ట్యాంకర్లలో తోలదామని అనుకున్నారు.

ఆ సంగతి తెలిసి ఊరు ఊరంతా బావి దగ్గరికొచ్చి కూర్చుంది. నేను అక్కడ లేను, మావయ్య చెప్పగా విన్నదే. ఆ ఊళ్ళో ఉప్పెన చూసినవాళ్ళున్నారు. సముద్రపు నీళ్ళు నిలిచిపోయి, తర్వాత ఏళ్ళ తరబడి గింజ పట్టని చేలు ఉన్నాయి వాళ్ళకి. బావి పక్క చేను కోటయ్య అనే రైతుది. బావి కోసం తన నేలలో కొంత చెక్క ఇచ్చినవాడు కూడా ఆయనే. లేచి నిలబడి, "సారూ, మీరు ఈ వైపు మనిషి. మీకు తెలియందేముంది? ఆ లారీ ఒక్కటి బోల్తా పడిందనుకోండి, మీరు జీతం తీసుకుని ఇంకో ఊరు పోతారు. మేం ఏడకి పోవాలి? మా చేను ఇంకోసారి ఆ నీళ్ళు తాగితే నేను బతకనండి" అన్నాడట. కేకలెయ్యలేదట. చేతులు కట్టుకుని చెప్పాడట.

మావయ్య కూడా డెల్టాలో పుట్టినవాడే. ఉప్పునీళ్ళంటే ఏంటో గ్లాసులో చూసి నేర్చుకున్నవాడు కాదు. ఆలోచించి ఒక దారి చెప్పారు. ఉప్పుటేటి జోలికి పోవద్దు. కాలవ నీళ్ళే తీసుకుందాం. వాటిని బావి దగ్గర సిమెంటు తొట్టెలో పోసి, అక్కడే ఉప్పు కలిపి, నేరుగా గొట్టంలోకి పంపుదాం. తొట్టె చుట్టూ గట్టు కడదాం, చుక్క బయటికి పోదు. ఇంకా నమ్మకం కుదరలేదని వాళ్ళ మొహాలు చూసి, "ఆ తొట్టె దగ్గర పని కోటయ్యకే ఇప్పిస్తాను. నీ చేనుకి నువ్వే కాపలా ఉండు. ఉప్పు నీ చేత్తోనే కలుపు" అన్నారు. జనం లేచిపోయారు.

ఆ సాయంత్రం బాపట్లలో దిగి, మా ఇంట్లో కాఫీ తాగుతూ ఈ కథంతా చెప్పి, "ఎంత సుళువుగా తేలిపోయిందో చూశావా? భయపడేవాడి చేతికే తాళం ఇచ్చేస్తే భయం పోతుంది" అన్నారు. నాకూ ఆ మాట బాగానే ఉందనిపించింది. ఆయన మంచితనంలోంచి, ఆ రైతు మీద గౌరవంలోంచి వచ్చిన ఆలోచన అది. దాంట్లోనే అంతా పోయింది.

చినగంజాంలో ఉప్పు పండించే కొటార్ల నుంచి బస్తాలు వచ్చాయి. వేసవికి కాలవ కట్టేసేలోపే పక్కన గుంట తవ్వి నీళ్ళు నింపారు. పంపు మొదలుపెట్టారు. మొదట్లో బావి నీళ్ళు బాగానే తీసుకుంది. ఆ వారం చర్చిలో మావయ్య పాట పాడిన తీరుకి ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆయనది బొంగురు గొంతు, రాగానికి దూరంగా నడుస్తుంది. ఆ రోజు అసలు పట్టించుకోలేదు.

తర్వాత లోపలికి పోయే నీళ్ళు తగ్గడం మొదలైంది. ఒత్తిడి పెంచితే కాస్త పోయేది, మళ్ళీ ఆగేది. ఒత్తిడి చూపే మీటరు ముల్లు రోజురోజుకీ పైకి లేచేది. వడపోత మార్చారు, పంపు విప్పి బిగించారు. బావిలోకి పోయిన నీళ్ళని వెనక్కి పారించి చూశారు. ఆమ్లం పోసి చూశారు. రాయి నోరు తెరవలేదు. మావయ్య తిండి మానేశారని అత్తయ్య ఫోన్ చేసింది. మర్నాడే ఆయన ఒక సీసాతో మా ల్యాబుకి వచ్చారు. తొట్టెలోంచి పట్టిన నీళ్ళు. "ఇందులో ఉప్పు ఎంతుందో చూడమ్మాయ్" అన్నారు.

ఇది ఇంటర్మీడియట్ పిల్లలు చేసే పరీక్ష. సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే, ఉప్పున్న నీళ్ళు పాలు విరిగినట్టు తెల్లగా గడ్డకట్టాలి. వేశాను. మా ఇంటి కుళాయి నీళ్ళకొచ్చే పాటి మసక వచ్చింది, అంతే. ఇంకోసారి చేశాను. మావయ్య నా చేతిలో పరీక్షనాళిక తీసుకుని అటూ ఇటూ వంచి, స్టాండులో పెట్టేశారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆ ముఖం చూశాకే నాకు భయం వేసింది.

"బస్తాలేమయ్యాయి మావయ్యా?"

"ఖాళీ సంచులు మడతపెట్టి ఉన్నాయి."

"అమ్ముకున్నాడా?"

"కోటయ్యా? ఛ. అమ్మేవాడు కాదు."

మర్నాడు ఆయన అడగడానికే రేపల్లె వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ బాపట్ల వచ్చారు, తెనాలిలో దిగాల్సిన మనిషి. ఏమన్నాడని అడిగాను. అడగలేదన్నారు. "నేను వెళ్ళేసరికి తొట్టె గట్టు తుడుస్తున్నాడమ్మాయ్. నన్ను చూసి పరిగెత్తి వెళ్ళి కొబ్బరి బొండం కొట్టుకొచ్చాడు. 'సారూ, మీ బావికి ఏ లోటూ రాకుండా చూసుకుంటున్నానండి. మా చేనుకెంతో మీ బావికీ అంతే' అన్నాడు. ఎదురుగా కూర్చుని నేను తాగేదాకా చూశాడు. ఇంక ఏం అడగను?"

ఇది చెప్పి మావయ్య నవ్వబోయారు. రాలేదు.

నాకు కోపం ఆగలేదు. ఏళ్ళ తరబడి పోట్లాడి తెచ్చుకున్న ఒక్క అవకాశం అది. రాయి నీళ్ళు తీసుకోలేదన్నది అబద్ధం, దానికి పెట్టాల్సిన నీళ్ళు పెట్టనే లేదు. ఆ ముక్క పైవాళ్ళకి రాసెయ్యి మావయ్యా, ఇంకో బావిలో మళ్ళీ చేద్దామను, నేను పరీక్ష చేశానని సంతకం పెడతాను అన్నాను. ఆయన మెల్లిగా మొదలుపెట్టారు. రాస్తే విచారణ పెడతారు. కోటయ్య పని పోతుంది. అక్కడితో ఆగదు, కావాలని పాడుచేశాడని కేసు పెట్టినా పెడతారు. ఊళ్ళో మొహం ఎత్తుకోలేడు.

"కనీసం అతనికైనా చెప్పు, ఏం చేశాడో తెలియాలి కదా" అన్నాను.

"చెబితే వాడు బతికినంత కాలం మోస్తాడమ్మాయ్. నేనైతే రిటైరయ్యేదాకా మోస్తాను. అయిపోతుంది."

నీళ్ళు పట్టుకొచ్చిన సీసా ఆయనే సింకులో వొంపి, కడిగి, బోర్లించారు. ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకున్నారు. పెద్ద ఆఫీసర్ల ముందు, రాయి మరీ బిగువుగా ఉందనీ తన అంచనా తప్పిందనీ చెప్పి వచ్చారు. వాళ్ళు ముందే అన్నారుగా, సంతోషించారు. నూనె బావిని కూడా కొన్నాళ్ళకి సిమెంటు పోసి మూసేశారు. బావి మూతపడినా కోటయ్యని వేరే చోట కాపలాకి వేయించారు మావయ్య.

ఆయన రిటైరయ్యేదాకా అని చెప్పింది నిజం కాలేదు. రిటైరయ్యాక ఇంకా బరువైంది. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఏదో ఒక ఫైలు, ఏదో ఒక మీటింగు. ఇంటికొచ్చాక వరండాలో కుర్చీ, పేపరు, ఆ పేపరు వెనక ఆయన. రాళ్ళు నాకడం మానేశారు. అత్తయ్య ఒకసారి ఆ పాత ముక్కని ఎక్కడి నుంచో వెదికి తెచ్చి, కావాలనే కంచం పక్కన పెట్టింది. ఆయన దాన్ని ఎడంచేత్తో పక్కకి జరిపి అన్నం తిన్నారు. అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చింది. ఆవిడకి కారణం తెలియదు, ఏదో పోయిందని మాత్రం తెలుసు.

పక్షవాతం ఆయన కుడి చేతినీ మాటనీ తీసుకుపోయింది. వినడం, తెలియడం మాత్రం చివరిదాకా ఉన్నాయి. అది దయో శిక్షో నాకు తెలియదు. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇంజనీరు ఒకాయన, ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు, పళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. మంచం పక్కన కూర్చుని, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా చెప్పాడు. "సార్, కొత్తగా చేరిన పిల్లలకి నేనే పాఠం చెబుతున్నానండి. అలాంటి రాయి నీళ్ళు తీసుకోదని చెప్పడానికి మీ బావినే చూపిస్తాం సార్. ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకింకోటి లేదు. ఇంక ఆ వైపు ఎవరూ నీళ్ళ మాట ఎత్తట్లేదండి. మీ పేరు నిలిచిపోయింది సార్."

మావయ్య నోరు కదిలింది. గొంతులో గాలి ఆడింది కానీ మాట రాలేదు. ఎడంచెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ, అటూ ఇటూ కొట్టుకుంది. ఆ చేతిని ఆయన శిష్యుడు రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. "సారు కదిలిపోయారు" అన్నాడు నాతో. మంచి మనిషే, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఒక్క వాక్యం. చమురు సంస్థ మొత్తం ఆ కుర్చీలో కూర్చుని ఉంది, నా నోట్లో ఒక్క వాక్యం ఉంది.

ఆయన వెళ్ళిపోయాక మంచం దగ్గరికి వంగి, "చెప్పెయ్యనా మావయ్యా? ఇంకా గేటు దాటలేదు" అన్నాను. మావయ్య నన్ను చూశారు. తలని దిండు మీద ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పారు. తర్వాత కళ్ళు మూసుకుని, గోడ వైపు మొహం పెట్టుకున్నారు. గేటు చప్పుడైంది. నేను ఆయన దుప్పటి సర్దాను. అంతకన్నా చెయ్యగలిగింది నాకేం కనబడలేదు.

భూస్థాపన రోజున కోటయ్య ఆలస్యంగా వచ్చాడు. బస్సు దొరకలేదట. సమాధుల తోటలో అందరూ వెళ్ళిపోతున్నప్పుడు, భుజం మీద తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నన్ను పోల్చుకుని, "సారు బావి ఒకసారి వచ్చి చూద్దురుగాని రండమ్మా. ఆ చోటు నేనే చూసుకుంటున్నా" అన్నాడు. రానందామనుకున్నాను. ఆ మనిషి మొహం చూస్తూ ఉండగలనని అనిపించలేదు. అయినా ఆదివారం రేపల్లె రైలెక్కాను. ఆయన స్టేషనులో కాచుకుని ఉండి, ఆటో మాట్లాడి తీసుకెళ్ళాడు.

నాట్లు పడి కొన్నాళ్ళయినట్టుంది. చేలన్నీ నీళ్ళతో నిండి ఉన్నాయి. మధ్యలో నడుమెత్తున ఒక ఇనప గొట్టం, దాని నెత్తిన మూత, చుట్టూ నాటకుండా వదిలేసిన కాస్త జాగా. అంతే మిగిలింది. గట్టు మీద నిలబడ్డాం. కోటయ్య గొంతు సవరించుకున్నాడు.

"మీకో సంగతి చెప్పాలమ్మా. సారు ఉండగా చెప్పడానికి జంకానండి. తిడతారేమోనని. ఇప్పుడు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు."

చెప్పమన్నాను.

"ఆ నీళ్ళల్లో నేను ఉప్పు కలపలేదమ్మా. ఒక్క బస్తా కూడా. మొదటి రోజు సంచి విప్పి తొట్టి మీదికి ఎత్తానండి. చెయ్యి రాలేదు. కిష్ణమ్మ నీళ్ళమ్మా అవి, పైరు కోసం కొట్టుకు చస్తాం వాటి కోసం. చేతులారా వాటిల్లో ఉప్పెట్ల పోసేది? పైగా సారుకి ఆ బావంటే ప్రాణం. ప్రాణమున్న దేనికైనా మంచినీళ్ళే కదండీ మంచిది. సారు చదువుకున్నాయన, ఏదో లెక్క వేసుకునుంటారు. ఆయనకి తెలీకుండా ఆయన బావికి మంచి చేద్దామనుకున్నా. బస్తాలన్నీ బండికెత్తి ఉప్పుటేట్లో కలిపేశా. యాడి ఉప్పు ఆడికే పోయింది. ఒక్క ఉప్పు గల్లు కూడా నేను వాడుకోలా." నా వైపు తిరిగాడు. "అప్పటికీ నిలబడలేదు, దాని రాత అట్టా ఉంది. ఉప్పే పోసుంటే ఇంకా ముందే పోయుండేది, కాదంటారా? నేను చేసింది తప్పేం కాదుగదమ్మా?"

నేను కెమిస్ట్రీ చెబుతాను. తప్పు సమాధానాన్ని తప్పని చెప్పడమే నా ఉద్యోగం. ఏళ్ళ తరబడి నా మావయ్య మోసింది ఈ మనిషి కళ్ళెదుట పెట్టెయ్యాలని ఒక్క క్షణం ఎంత బలంగా అనిపించిందో చెప్పలేను. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. నల్లగా ఎండిన మొహం, రెండు రోజుల గడ్డం, పిల్లలు మార్కుల కోసం చూసినట్టు చూస్తున్నాడు.

"లేదు కోటయ్యా. తప్పేం కాదు" అన్నాను.

ఆయన ఊపిరి వదిలాడు. ఎన్నేళ్ళ ఊపిరో. పంచె ఎగగట్టి చేలోకి దిగి, మొక్కలకి తగలకుండా అడుగులు వేసుకుంటూ గొట్టం దగ్గరికి వెళ్ళాడు. మూత మీద రెట్టలు వేసిపోయాయని కొంగల్ని తిట్టి, దోసిలితో చేలో నీళ్ళు పట్టి మూత మీద పోశాడు. తువ్వాలుతో రుద్దాడు. మళ్ళీ దోసిలి, మళ్ళీ పోయడం. "పోతే పోయిందిలెండమ్మా" అన్నాడు అక్కడి నుంచే, పని ఆపకుండా. "కడుపు నిండా మంచినీళ్ళు తాగి పోయింది."

ఆ నీళ్ళు మూత మీంచి కారి, ఇనుము చుట్టూ జారి, చేలో కలిసిపోతున్నాయి.